టీచర్లు ఎందుకు మానేస్తున్నారు: అపోహలు, వాస్తవాలు

బెజవాడలో ఓ ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తాను. ఏటా పరీక్షలవగానే మా స్టాఫ్‌రూమ్‌లో కొన్ని కుర్చీలు ఖాళీ అవుతాయి, దానికి బయట జనం చెప్పే కారణాలు వింటే నవ్వొస్తుంది.

అపోహ: పిల్లల అల్లరి భరించలేక పోతారు.
అల్లరికి భయపడేవాళ్లు మొదటి నెలల్లోనే పోతారండీ. ఏళ్లపాటు చేసి మానేసినవాళ్లని అడగండి, క్లాసు ఒక్కటే మిస్సవుతున్నాం అంటారు.

అపోహ: నాలుగింటికి ఇంటికి, వేసవంతా సెలవులు, ఇంకేం కావాలి?
మా బాబాయ్ డైలాగ్ ఇది. సెక్షన్‌కి 40 మంది, ఐదు సెక్షన్లు, అంటే 200 నోట్‌బుక్కులు, ఒక్కోదానికి నిమిషమే ఇచ్చినా మూడు గంటల పైనే, పోనీ లీజర్ పీరియడ్‌లో దిద్దుదామంటే ఎవరో ఒకరు సెలవు పెట్టి ఆ సబ్‌స్టిట్యూషన్ మనకే పడుద్ది, ఇంటికెళ్లాక వీకెండ్ టెస్ట్ మార్కులు ఎక్కించాలి, రాత్రి పదింటికి వాట్సాప్‌లో "మేడం రేపు హోంవర్క్ ఏంటి" అని ఇంకొకరు. 2009 విద్యాహక్కు చట్టం టీచర్‌కి వారానికి కనీసం 45 పని గంటలంది, ప్రిపరేషన్‌తో కలిపే. మా టైమ్‌టేబుల్లో ఆ ప్రిపరేషన్‌కి గడే లేదు. ఇక వేసవి సెలవులా? బ్రోచర్లు పట్టుకుని సింగ్‌నగర్, పాయకాపురం వీధుల్లో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగడమే, బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదుగా.

అపోహ: జీతం పెంచితే ఆగుతారు.
జీతం తక్కువే, కాదనను. కానీ మా కొలీగ్ ఒకావిడ మంచి జీతమిచ్చే క్యాంపస్‌కి వెళ్లి ఏడాది తిరక్కుండానే బయటికొచ్చేశారు. ఏ రోజు ఏ టాపిక్కో పైనుంచి షెడ్యూల్ వస్తుందంట, భిన్నాలు రాని పిల్లాడి దగ్గర ఇంకో పీరియడ్ ఆగితే "సిలబస్ ఎందుకు వెనకపడింది" అని మీటింగ్. ర్యాంకొస్తే ఫ్లెక్సీ మీద టీచర్ పేరుండదు, మార్కులు తగ్గితే మాత్రం అందరి ముందూ ఆ పేరే.

అపోహ: గవర్నమెంట్ టీచర్లకేం బాధ?
వాళ్లు ఉద్యోగం వదలరు, నిజమే, అందుకే వాళ్ల విసుగు ఎవరికీ కనపడదు. అదే విద్యాహక్కు చట్టం సెక్షన్ 27 ప్రకారం జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప చదువుకి సంబంధం లేని పనులు చెప్పకూడదు. గుంటూరు వైపు పనిచేసే మా వదిన మొన్నటిదాకా భోజనం ఫోటో, బాత్రూమ్ ఫోటో యాప్‌లో ఎక్కించేదాకా చాక్‌పీస్ పట్టుకునేది కాదు. ఇప్పుడు 2025 సెప్టెంబర్ సుప్రీంకోర్టు తీర్పుతో, రిటైర్మెంట్‌కి ఐదేళ్లకి మించి ఉండి ఇంకా టెట్ (టీచర్ అర్హత పరీక్ష) లేనివాళ్లు అది పాసవ్వాలని ఆ టెన్షనొకటి.

అపోహ: మానేసినవాళ్లకి చదువు చెప్పడం ఇష్టం లేదు.
ఆ కొలీగ్ ఇప్పుడు పటమటలో ఇంట్లోనే ట్యూషన్ చెప్తున్నారు, స్కూల్ జీతం కన్నా తక్కువే వస్తోందంట. మళ్లీ స్కూల్‌కి రండి మేడం అంటే మాత్రం వద్దమ్మా అన్నారు.