బిలం అడుగున ఉల్క దాగి ఉందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఉల్కాపాత బిలాల శిలలను పరిశీలించడం నా వృత్తి కావడంతో, ఏటా ఎవరో ఒకరు నన్ను ఒకటే అడుగుతారు: "లోనార్ సరస్సు అడుగున ఆ ఉల్క ఇంకా ఉందటగా, తవ్వితే కోట్లు వస్తాయటగా?" లోనార్ మహారాష్ట్రలో ఉల్క తాకి ఏర్పడిన పెద్ద గోతిలో, అంటే బిలంలో, ఉన్న సరస్సు. ఈ అపోహ వల్ల జనం నిజంగా డబ్బు పోగొట్టుకుంటున్నారు కనుక దీని గురించే వివరంగా చెప్పాలి.

చిన్న రాళ్లు గాలి ఒరిపిడికి వేగం తగ్గి రాళ్లుగానే నేల మీద పడతాయి. పెద్ద ఉల్క అలా కాదు. సెకనుకు పది కిలోమీటర్లకు మించిన వేగంతో తాకినప్పుడు దానిలో చాలా భాగం రెప్పపాటులో కరిగి ఆవిరైపోతుంది, నేలలోకి చొచ్చుకుపోయిన ఘాత తరంగం (తాకిడికి పుట్టే బలమైన ఒత్తిడి అల) శిలలను పైకి ఎగజిమ్ముతుంది. గోతిని తవ్వింది రాయి కాదు, ఆ పేలుడు. అందుకే ఉల్క ఏటవాలుగా వచ్చినా, మరీ నేలబారుగా వస్తే తప్ప, బిలం గుండ్రంగానే ఏర్పడుతుంది. అమెరికాలో డేనియల్ బారింజర్ అనే గనుల ఇంజినీరు ఈ సంగతి తెలియకనే అరిజోనా బిలం కింద ఇనుప గని ఉందని నమ్మి, 1903 నుంచి పాతికేళ్లకు పైగా తవ్వించి తన ఆస్తిలో చాలా భాగం అందులో పోశాడు. ఉల్కలో అధిక భాగం ఆవిరైపోయి ఉంటుందని 1929లో ఖగోళ శాస్త్రవేత్త మౌల్టన్ లెక్కగట్టి చెప్పాడు. ఆ ఏడాదే బారింజర్ కన్నుమూశాడు.

లోనార్ అగ్నిపర్వత బిలమన్నది మరో అపోహ. అక్కడి నల్లరాయి లావా నుంచి పుట్టినదే, కానీ సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పున్న ఆ బిలం లావా చల్లారిన కోట్ల ఏళ్లకు ఏర్పడింది. అక్కడి శిలల్లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉల్క ఘాతపు ఒత్తిడికి గాజుగా మారి ఏర్పడిన మాస్కెలినైట్ అందుకు సాక్ష్యం. 2020లో నీరు గులాబీ రంగుకు తిరగడం ఉప్పునీటి సూక్ష్మజీవుల వల్లే, భయపడవలసినది కాదు.

ఒకసారి తెలంగాణ పల్లె నుంచి ఒక పెద్దాయన గోనెసంచిలో నల్లని బరువైన రాయి తెచ్చాడు. "పరీక్ష ఖర్చులని దళారికి నలభై వేలు ఇచ్చిన సారూ, బిడ్డ పెండ్లి ఉన్నది," అంటుంటే ఆయన చేతులు వణికాయి. రాయిని పగలగొట్టి చూపాను: లోపలంతా చింతగింజ పట్టేంత బుడగల గుంతలు, గాజులాంటి మెరుపు. ఉల్కాశకలాలలో అలాంటి బుడగలు దాదాపు కనిపించవు. అటువంటివి తమ చెలక పక్కన కుప్పలుగా ఉన్నాయన్నాడు. అది పూర్వం ఇనుము కరిగించినప్పుడు మిగిలిన చిట్టెం. అనుమానం ఉన్న రాయిని దళారికి కాదు, ఉల్కాశకలాలను భద్రపరిచే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చూపండి. ముందుగా డబ్బు అడిగినవాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.