యిర్మీయా ఉత్తరం నుంచి అంత్యకాలపు లెక్కల దాకా

లోకం ఫలానా తేదీన ముగుస్తుందని దానియేలు, ప్రకటన గ్రంథాలు చూపించి చెప్పే ప్రసంగాలు మన ఫోన్లలోకి వస్తూనే ఉన్నాయి. విన్నప్పుడల్లా మనసు కష్టపడుతుంది. ఆ లెక్కల్లో ముఖ్యమైన డెబ్బై అనే అంకె పుట్టిన చోటు వేరు, దాని పని వేరు.

క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము రాజునూ, పెద్దలనూ, కమ్మరులనూ చెరపట్టుకుపోయాడు. వాళ్లకు యిర్మీయా ప్రవక్త ఉత్తరం రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, డెబ్బై ఏళ్లు నిండాకే తిరుగు ప్రయాణం. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని తీపి కబురు చెప్పిన హనన్యా, బబులోనుకు లొంగాలనే గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కొయ్యకాడిని జనం ముందే విరగ్గొట్టాడు. దాని బదులు ఇనుపకాడి వస్తుందన్నాడు యిర్మీయా. తన కాలపు రాజుకూ ప్రజలకూ చేదు నిజాన్ని ఎదురుగా నిలబడి చెప్పడమే ప్రవక్త పని.

క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును గెలిచాడు. చెరవాసుల్లో కొందరు తిరిగొచ్చారు, గుడి మళ్లీ లేచింది, స్వరాజ్యం మాత్రం రాలేదు. పారసీకుల తర్వాత గ్రీకులు ఏలారు. క్రీ.పూ. 167లో సెల్యూకసు వంశపు రాజు అంతియొకసు ఎపిఫనేసు యూదుల ఆచారాలనే నిషేధించాడు. ధర్మశాస్త్ర గ్రంథపు చుట్టలను చించి కాల్చారు. ఇంట్లో చుట్ట దొరికితే మరణశిక్ష.

దానియేలు గ్రంథం ఇప్పటి రూపం పొందింది ఆ రోజుల్లోనేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. బబులోనులో దానియేలే రాశాడన్నది సంఘాల్లో తరతరాల నమ్మకం. తొమ్మిదో అధ్యాయంలో దానియేలు గ్రంథాలు చదివి యిర్మీయా చెప్పిన డెబ్బై ఏళ్లను గ్రహిస్తాడు. గోనెపట్ట కట్టుకొని, బూడిద పోసుకొని ప్రార్థిస్తాడు. గబ్రియేలు దూత వచ్చి డెబ్బై వారాలంటాడు. వారానికి ఏడేళ్ల చొప్పున 490 ఏళ్లు. గ్రంథం దగ్గరుంటే ప్రాణం పోయే రోజుల్లో, గ్రంథం చదివేవాడికి దేవదూత జవాబిచ్చాడన్న కథ ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో! రాజుతో నేరుగా మాట్లాడే వీలు పోయాకే ప్రవచనం మృగాలూ కొమ్ములూ ఉన్న దర్శనంగా మారిందని నా నమ్మకం. హీబ్రూ బైబిల్లో ఈ గ్రంథం ప్రవక్తల వరుసలో లేనే లేదు. మన తెలుగు బైబిల్లో యెహెజ్కేలు వెంటనే ఉంటుంది.

పత్మాసు ద్వీపంలో ఉండి ప్రకటన గ్రంథం రాసిన యోహాను కూడా రోమా పేరెత్తకుండా బబులోను అని రాశాడు. ఆసియా అనే రోమా రాష్ట్రంలోని (నేటి టర్కీ పడమటి భాగం) ఏడు సంఘాలకు ఆ గుట్టు తెలుసు. ప్రకటన అని మనం అనే మాటకు గ్రీకు మూలంలో అర్థం తెర తీయడం. వినాశనం కాదు.

అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు బోధకుడు దానియేలు ఎనిమిదో అధ్యాయంలోని 2,300 దినాలను ఏళ్లుగా తీసుకొని, క్రీ.పూ. 457 నుంచి లెక్కగట్టి, క్రీస్తు రాకడ దగ్గరపడిందన్నాడు. ఆయన్ని నమ్మినవాళ్లు 1844 అక్టోబరు 22ను ఖాయం చేసుకున్నారు. కొందరు బంగాళాదుంపలు తవ్వకుండా పొలంలోనే వదిలేశారు. ఆ రాత్రి మేలుకొని ఎదురుచూశారు. తెల్లవారేదాకా ఏడ్చారు.