పది నిమిషాల లెక్క: వైకల్యం ఉన్నవాళ్ల ట్యాక్సీ ప్రయాణాలపై అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్లు ర్యాంప్ (వీల్‌చైర్‌ని బండిలోకి ఎక్కించే వాలు పలక) ఉన్న ట్యాక్సీ నడిపాను. ఇప్పుడు కొత్త డ్రైవర్లకు ట్రైనింగ్ ఇస్తున్నాను. అయినా వారంలో రెండు రోజులు బండి తీస్తాను, లేకపోతే క్లాసులో చెప్పేదానికీ రోడ్డు మీద జరిగేదానికీ పొంతన ఉండదు. ప్రతి బ్యాచ్‌లోనూ అవే మాటలు వింటాను, డ్రైవర్ల నోట, యాప్ కంపెనీల మీటింగుల్లో, ఆఖరికి ప్రయాణికుల ఇంట్లోవాళ్ల నోట కూడా. ప్రతిసారీ అదే జవాబు చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

అపోహ: ఇలాంటి ప్రయాణికులు ఎక్కడో ఒకరుంటారు, వాళ్ల కోసం ఇంత హడావిడి ఎందుకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు 130 కోట్ల మందికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. అంటే ఆరుగురిలో ఒకరు. మరి వీళ్లంతా ట్యాక్సీల్లో ఎందుకు కనబడరు అంటే, సగం మందిని మనం గుర్తుపట్టం. చెవి వినబడని మనిషి, మోకాలు మడవలేని మనిషి, ఫిట్స్ వల్ల సొంతంగా బండి నడపకూడని మనిషి, గట్టిగా రేడియో పెడితే తట్టుకోలేని ఆటిజం ఉన్న కుర్రాడు, వీళ్లెవరికీ నుదుటి మీద రాసి ఉండదు కదా. మిగతావాళ్లు యాప్ తెరవడం మానేశారు. వరసగా మూడు బుకింగులు క్యాన్సిల్ అయ్యాక నాలుగోది ఎవరు చేస్తారు? ఆ తర్వాత కంపెనీవాళ్లు స్క్రీన్ మీద గ్రాఫ్ చూపించి "డిమాండ్ లేదండీ" అంటారు. తెరవని యాప్‌లో డిమాండ్ ఎలా కనబడుతుంది!

అపోహ: వీల్‌చైర్ అంటే ర్యాంప్ బండే కావాలి.

ఇది రెండు వైపులా నష్టం చేసే అపోహ. చేత్తో తోసుకునే మడత కుర్చీ వాడేవాళ్లలో చాలామంది కుర్చీలోంచి కారు సీటులోకి సొంతంగా మారగలరు. వాళ్లకు మామూలు కారు చాలు. కావలసిందల్లా ముందు సీటు పూర్తిగా వెనక్కి జరపడం, తలుపు బార్లా తెరవడం, కారుని ఫుట్‌పాత్‌కి మరీ ఆనించకుండా కుర్చీ పట్టేంత జాగా వదిలి ఆపడం. సీటు ఎత్తు దాదాపు కుర్చీ ఎత్తులో ఉంటే మారడం సులువు. అందుకే ఎత్తుగా ఉండే పెద్ద బండి పంపించి "మీకోసం పెద్దది పంపాం" అంటే మోకాళ్ల నొప్పులవాళ్లకు, కుర్చీవాళ్లకు అది మేలు కాదు, పర్వతారోహణ. చాలా కుర్చీలకు చక్రం మధ్యలో చిన్న బటన్ ఉంటుంది, నొక్కి లాగితే చక్రం ఊడి వస్తుంది, చక్రాలు తీసేస్తే చిన్న డిక్కీలో కూడా పడుతుంది. కానీ డిక్కీలో గ్యాస్ సిలిండర్ ఉందనుకోండి, ఇక ఏం చేసినా పట్టదు. ఆ సంగతి యాప్ ముందే చెప్పదు, కారు వచ్చి నిలబడ్డాక తెలుస్తుంది.

బ్యాటరీ కుర్చీ సంగతి వేరు. వంద కిలోలు దాటినవి మామూలే, ఎక్కువ వాటిని మడవలేం, కొందరికి అది వెన్నుకీ మెడకీ కొలతలు తీసి అమర్చినది కాబట్టి అందులోంచి దిగడమే ప్రమాదం. వాళ్లకు ర్యాంప్ తప్పదు. కాబట్టి బుకింగ్‌లో అడగాల్సింది ఒక్క ప్రశ్న: "కుర్చీలోంచి సీటులోకి మారగలరా?" దాన్ని అడగకుండా ఒకే ఒక్క వీల్‌చైర్ బొమ్మ పెట్టి ఊరుకోవడం వల్ల ర్యాంప్ అక్కర్లేనివాళ్లు ర్యాంప్ బండి కోసం గంట కాచుకుంటారు, అది తప్పనిసరైనవాళ్ల దగ్గరికి చిన్న కారు వెళ్లి వెనక్కి తిరుగుతుంది.

అపోహ: ర్యాంప్ ఎక్కించి, కుర్చీ బ్రేకులు వేసేస్తే చాలు.

కుర్చీ బ్రేకులు ఇంట్లో కుర్చీ జారకుండా ఉండటానికి. బండి సడన్‌గా ఆగినప్పుడు వంద కిలోల కుర్చీని అవి పట్టుకోలేవు.

పని ఇలా ఉంటుంది. కుర్చీ ముఖం బండి ముందువైపుకే ఉండాలి, పక్కకి తిప్పి పెట్టకూడదు. బ్యాటరీ కుర్చీ అయితే పవర్ ఆఫ్ చెయ్యాలి, కుర్చీని నడిపే చిన్న కర్రకి (జాయ్‌స్టిక్) మోచెయ్యి తగిలితే కట్టిన పట్టీల మీదే కుర్చీ ముందుకి దూకుతుంది. తర్వాత నాలుగు పట్టీలు, ముందు రెండు, వెనక రెండు. వెనక పట్టీలు నేలకీ ఫ్రేముకీ మధ్య సుమారు 45 డిగ్రీల వాలులో ఉండాలి. హుక్కు వెయ్యాల్సింది ఊడిరాని ఫ్రేము మీద, గొట్టాలు వెల్డింగ్ చేసి కలిసే చోట. చక్రానికి, చేతులు ఆనించుకునే దానికి, కాళ్లు పెట్టుకునే పలకకి వెయ్యకూడదు. ఇదంతా కుర్చీకి. మనిషికి వేరే బెల్టు ఉంటుంది, నడుముకీ భుజానికీ. నడుము బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కిందికి ఉండాలి, కుర్చీ చేతుల పైనుంచి వేస్తే గాల్లో వేలాడుతుంది, అందుకే లోపల్నుంచి దూర్చాలి. కుర్చీకే ఒక చిన్న బెల్టు ఉంటుంది కదా అంటారు, అది మనిషి పక్కకి ఒరగకుండా ఉంచడానికి, యాక్సిడెంట్‌లో ఆపడానికి కాదు. ఈ పట్టీలకు ఐఎస్ఓ 10542 అని, వాహనంలో సీటుగా వాడదగిన కుర్చీలకు ఐఎస్ఓ 7176-19 అని అంతర్జాతీయ ప్రమాణాలే ఉన్నాయి. రెండోదాని ప్రకారం చేసిన కుర్చీకి హుక్కులు వెయ్యాల్సిన చోట్ల గుర్తులుంటాయి, వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఇంత చెబుతున్నవాణ్ని, మొదటి ఏడాది నేనే తప్పు చేశాను. వర్షం, వెనక బండ్ల హారన్లు, కుర్చీలో పెద్దాయన "కానీ బాబూ కానీ" అంటున్నారు. ముందు కుడివైపు హుక్కు కాళ్ల పలక గొట్టానికి తగిలించేశాను, లాగి చూస్తే బిగువుగానే ఉంది. రెండు కిలోమీటర్లు వెళ్లాక సిగ్నల్ దగ్గర బ్రేకు వేస్తే వెనక ఠంగుమని శబ్దం. అద్దంలో చూస్తే పలక ఊడి, హుక్కుతో సహా నేల మీద పడుంది, కుర్చీ కొద్దిగా పక్కకి తిరిగింది, ఆయన కిటికీ కమ్మీ పట్టుకుని ఉన్నారు. మిగతా మూడు పట్టీలు, ఆయన బెల్టు సరిగ్గా ఉన్నాయి కాబట్టి దెబ్బ తగల్లేదు. ఆ రోజు నుంచి ఎవరు హారన్ కొట్టినా నేను పట్టించుకోను.

హడావిడి పడకుండా చేస్తే నాకు ఎక్కించడానికి ఆరేడు నిమిషాలు, దింపడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. కొత్తవాళ్లకు దానికి రెట్టింపు. ఆ పది నిమిషాలు గుర్తుపెట్టుకోండి, అసలు గొడవంతా అక్కడే ఉంది.

అపోహ: డ్రైవర్లకు జాలి లేదు, అందుకే క్యాన్సిల్ చేస్తారు.

జాలి లేనివాళ్లూ ఉన్నారు, కాదనను. కుర్చీ చూసి ఆపకుండా వెళ్లిపోయినవాళ్లను నేనూ చూశాను. కానీ మా క్లాసుకి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి అడ్డం వచ్చేది జాలి కాదు, లెక్క. మూడు కిలోమీటర్ల ట్రిప్పుకి డబ్బులిచ్చేది మూడు కిలోమీటర్లకే, ఎక్కించడానికి దించడానికి పట్టే పది నిమిషాలకి ఎవరూ ఇవ్వరు. రద్దీ వేళ అదే పది నిమిషాల్లో ఇంకో ట్రిప్పు అయిపోతుంది. నేను ఒకప్పుడు పనిచేసిన యాప్‌లో ప్రయాణికుడు కూర్చున్నాకే స్టార్ట్ నొక్కాలి. ర్యాంప్ దించగానే నొక్కితే మీటర్ ప్రయాణికుడి మీద తిరుగుతుంది, అది అన్యాయం. నొక్కకపోతే నాకు దండగ. కంపెనీకి మెయిల్ పెడితే "మీ సేవాభావానికి ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. సేవాభావంతో డీజిల్ పోయించుకోలేం కదా.

ప్రయాణికుడి దగ్గర వసూలు చెయ్యకూడదు, ఇది ముందు తేల్చుకోవాలి. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టంలోని సెక్షన్ 165 ప్రకారం, గుర్తింపు పొందిన వీల్‌చైర్ ట్యాక్సీల డ్రైవర్లు కుర్చీవాళ్లను ఎక్కించుకోవాలి, సాయం చెయ్యాలి, దానికి అదనంగా తీసుకోకూడదు. అది 2017లో అమల్లోకి వచ్చింది, 2022లో ఇంకో చట్టం తెచ్చి ఇలాంటి రక్షణను వైకల్యం ఉన్న ప్రయాణికులందరికీ విస్తరించారు. మరి డ్రైవరుకి ఎవరివ్వాలి? ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో కుర్చీని ఎక్కించినందుకు డ్రైవరుకి ప్రభుత్వ పథకం నుంచి విడిగా ఫీజు వస్తుంది. న్యూయార్క్‌లో ట్యాక్సీ ట్రిప్పుల మీద చిన్న సర్‌ఛార్జీ వేసి ఆ నిధిని ర్యాంప్ బండ్లకు, వాటి డ్రైవర్లకు వాడతారు. ఏ దారైనా సరే, ఆ పది నిమిషాలకు డబ్బు పెట్టండి, సగం క్యాన్సిళ్లు వాటంతటవే ఆగుతాయని నా నమ్మకం.

అపోహ: వెయిటింగ్ ఛార్జీ అందరికీ ఒకటే, ఇందులో వివక్ష ఏముంది?

ఉబర్ 2016లో కొన్ని నగరాల్లో ఈ ఛార్జీ మొదలుపెట్టింది, కారు వచ్చిన రెండు నిమిషాల నుంచి లెక్క. కుర్చీ మడిచి డిక్కీలో పెట్టడానికే రెండు నిమిషాలు దాటుతుంది. కర్రతో మెట్లు దిగి వచ్చేవాళ్ల సంగతి సరే సరి. 2021లో అమెరికా న్యాయశాఖ ఇది వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని కేసు వేసింది, 2022లో సెటిల్మెంట్ అయింది. 65,000 మందికి పైగా ప్రయాణికులకు పరిహారమో, ఖాతాలో క్రెడిటో ఇవ్వాల్సి వచ్చింది. వైకల్యం వల్ల ఎక్కువ సమయం పడుతుందని తెలియజేసినవాళ్లకు ఆ ఛార్జీ మాఫీ చేస్తామని కూడా ఒప్పుకున్నారు.

అపోహ: చూపులేనివాళ్లను చెయ్యి పట్టుకుని కార్లో కూర్చోబెట్టాలి.

అడక్కుండా పట్టుకుంటే మీరే ఉలిక్కిపడతారు, వాళ్లూ అంతే. పేరు పెట్టి పిలిచి, మీ పేరు చెప్పి, సాయం కావాలా అని అడగండి. కావాలంటే మీ మోచెయ్యి వాళ్లే పట్టుకుంటారు, మీరు అర అడుగు ముందు నడవాలి. కారు ఎటు ముఖం పెట్టి ఉందో చెప్పి, వాళ్ల చేతిని తలుపు పైఅంచు మీద పెట్టనిస్తే చాలు, తల తగలకుండా వాళ్లే కూర్చుంటారు. దిగేటప్పుడు "వచ్చేశాం" అంటే సరిపోదు, గేటు ఎడమవైపా కుడివైపా, ముందు గుంత ఉందా, చెప్పాలి. గైడ్ డాగ్ (దారి చూపడానికి శిక్షణ ఇచ్చిన కుక్క) ఉంటే అది కాళ్ల దగ్గర నేల మీద పడుకుంటుంది, డిక్కీలో వెయ్యమనకండి. కుక్కలంటే భయం, ఎలర్జీ అనేవి ఎక్కించుకోకపోవడానికి కారణాలు కావని అమెరికా న్యాయశాఖ మార్గదర్శకాల్లో సూటిగానే ఉంది. బ్రిటన్‌లో అయితే నిజంగా ఆరోగ్య సమస్య ఉన్న డ్రైవరు ముందుగా మినహాయింపు పత్రం తెచ్చుకోవాలి.

అపోహ: ఫోన్ ఎత్తట్లేదంటే ఉత్తుత్తి బుకింగే.

వినబడకపోవచ్చు, మాట స్పష్టంగా రాకపోవచ్చు. మెసేజ్ పెట్టండి. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

అపోహ: తోడొచ్చినవాళ్లతో మాట్లాడితే సరిపోతుంది.

ఇది ఎక్కువగా ఇంట్లోవాళ్లే నేర్పిస్తారు, "ఆవిణ్ని అడక్కండి, నన్నడగండి" అని. బెల్టు ఎక్కడ నొక్కుకుంటోందో కుర్చీలో ఉన్న ఆవిడకే తెలుస్తుంది, ఆవిణ్నే అడగాలి.

అపోహ: ర్యాంప్ బండ్ల సంఖ్య పెంచితే సమస్య తీరిపోతుంది.

లండన్‌లో 2000 సంవత్సరం నుంచి ప్రతి లైసెన్సు నల్ల ట్యాక్సీ వీల్‌చైర్ ఎక్కేలా ఉండాల్సిందే, కాబట్టి బండ్లన్నీ మార్చడం అసాధ్యం అనేవాళ్ల మాట నమ్మకండి. కానీ బండి ఉండటం, అది మీ గుమ్మం ముందుకి రావడం ఒకటి కాదు. ర్యాంప్ బండ్లు పెద్దవి, ఆరేడు సూట్‌కేసులు పడతాయి. అందుకని వాటిని ఎయిర్‌పోర్టు గుంపులకు తిప్పుకునేవాళ్లు చాలామంది. నేనూ తిప్పాను, దాచుకోను, ఆ ట్రిప్పులో పది నిమిషాల దండగ ఉండదు మరి. కాబట్టి లైసెన్సు ఇచ్చేవాళ్లు ఎన్ని బండ్లున్నాయని కాకుండా, కుర్చీ ప్రయాణికుడు ఎన్ని నిమిషాలు కాచుకున్నాడని లెక్కపెట్టాలి. ఆస్ట్రేలియా 2002 రవాణా ప్రమాణాలు పెట్టుకున్న లక్ష్యం అదే, ర్యాంప్ ట్యాక్సీ కోసం కాచుకునే సమయం మామూలు ట్యాక్సీతో సమానంగా ఉండాలని.

ఇప్పటికిప్పుడు చెయ్యగలిగింది కూడా ఒకటి చెప్తాను, ఇది నాకు ఒక ప్రయాణికురాలు నేర్పింది. ఆవిడ తన బ్యాటరీ కుర్చీ ఫ్రేము మీద హుక్కులు వెయ్యాల్సిన నాలుగు చోట్ల పసుపు టేపు చుట్టుకున్నారు, వెనక ఒక కాగితం మీద కుర్చీ బరువు, వెడల్పు రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి అంటించారు. పోయిన నెల ఒక కొత్త కుర్రాణ్ని ఆవిడ దగ్గరికి పంపాను, నేను పక్కనే నిలబడి గడియారం చూసుకుంటున్నా. నాలుగు హుక్కులు, బెల్టు, అన్నీ అయ్యేసరికి అయిదున్నర నిమిషాలు. నన్ను ఒక్కమాట కూడా అడగలేదు.