కెమెరా ఎప్పుడు కొనాలి: ధర లెక్క వేరు, సెన్సర్ లెక్క వేరు

2018 డిసెంబరు చివరి వారంలో మన దేశంలో డిజిటల్ కెమెరా కొన్నవారు దాని మీద 28 శాతం జీఎస్టీ కట్టారు. అదే కెమెరాను 2019 జనవరి 1 తర్వాత కొన్నవారికి 18 శాతమే పడింది. పన్ను కలపక ముందు ధర 50,000 రూపాయలు అనుకుంటే, కొద్ది రోజుల తేడాలో 5,000 రూపాయలు మిగిలినట్టు. పన్ను మార్పులు, దసరా దీపావళి తగ్గింపులు, కొత్త మోడల్ రాగానే పాతదానికి తగ్గే ధర, వీటన్నిటినీ కనిపెట్టుకొని కొనడం తెలివైన పనే. కానీ 'త్వరలో ఇంకా మంచి సెన్సర్ వస్తుందట, అంతవరకూ ఆగుదాం' అనుకోవడం వేరే సంగతి. అలా ఆగితే ఎంత లాభమో తెలియాలంటే సెన్సర్ ఏం చేస్తుందో, దాని హద్దు ఎక్కడుందో చూడాలి.

వెలుతురు కణమైన ఫోటాన్ సిలికాన్‌ను తాకితే ఎలక్ట్రాన్ విడుదలవుతుంది. అలా విడుదలైన ఎలక్ట్రాన్లను చిన్న చిన్న గళ్లలో నిలవచేసి లెక్కపెట్టే చిప్పే సెన్సర్, ఆ గళ్లే పిక్సెళ్లు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ 1969లో రూపొందించిన సీసీడీ అనే తొలి రకం సెన్సర్‌తో ఈ దారి మొదలైంది. అందుకు 2009లో వారికి భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఈనాటి కెమెరాల్లో దాదాపు అన్నిటా ఉన్నది దాని తర్వాత వచ్చిన సీమాస్ రకం. సిలికాన్‌కు రంగులు తెలియవు కనుక, కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన పద్ధతి ప్రకారం పిక్సెళ్ల మీద రంగు వడపోతలు అమరుస్తారు. అందులో సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం.

ఫోటాన్లు ఒక వరుసలో, సమానమైన ఎడంతో రావు. వాన చినుకుల్లా ఎక్కడ ఎన్ని పడితే అన్ని పడతాయి. ఒక పిక్సెల్‌లో సగటున 10,000 ఎలక్ట్రాన్లు చేరే చోట ఆ సంఖ్య దాదాపు 100 అటూ ఇటూగా మారుతుంది, అంటే ఒక శాతం. మసక గదిలో అదే పిక్సెల్‌కు 100 ఎలక్ట్రాన్లే దక్కితే తేడా 10, అంటే పది శాతం. చీకట్లో తీసిన ఫొటోలో ముఖం మీద కనిపించే గరుకుతనంలో, అంటే నాయిస్‌లో, ఎక్కువ భాగం ఇదే. ఇది వెలుతురు స్వభావంలోనే ఉన్నది కాబట్టి ఏ కంపెనీ ఎంత గొప్ప చిప్ చేసినా పూర్తిగా పోదు. ఎక్కువ వెలుతురు పోగుచేస్తే మాత్రం దాని ప్రభావం తగ్గుతుంది.

ఆ పోగుచేసే పనిలో సెన్సర్లు ఇప్పటికే చాలా దూరం వచ్చేశాయి. పాత నిర్మాణంలో లోహపు తీగలు కాంతిని పట్టే పొరకు పైన ఉండి కొంత వెలుతురును అడ్డుకునేవి. 2009లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన బ్యాక్ ఇల్యూమినేటెడ్ సెన్సర్లలో చిప్‌ను తిరగేసి ఆ తీగలను పొర వెనక్కి పంపారు. పిక్సెళ్లు మరీ చిన్నవిగా ఉండే ఫోన్లకు దీనివల్ల గొప్ప మేలు జరిగింది. 2015లో సోనీ ఏ7ఆర్ 2తో ఇది పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకూ చేరింది. ఈనాటి మంచి సెన్సర్లు వడపోత దాటి లోపలికి వచ్చిన ఫోటాన్లలో సగానికి పైగానే పట్టుకుంటున్నాయి. ఇప్పటికే సగానికి పైగా పట్టుకుంటున్నప్పుడు, అదే కొలత సెన్సర్‌లో, అదే వడపోతల కింద, ఆ లెక్కను రెట్టింపు చేయడం ఎవరి తరమూ కాదు.

ఇదే లెక్కను లెన్స్ వైపు నుంచి చూడండి. కెమెరాతో పాటు ఇచ్చే జూమ్ లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే సాధారణంగా ఎఫ్/5.6 దగ్గర ఆగుతుంది (ఈ సంఖ్య ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురును లోపలికి పంపుతుంది). దాని స్థానంలో ఎఫ్/1.8 లెన్స్ పెడితే సెన్సర్ మీద పడే వెలుతురు తొమ్మిది రెట్లు దాటుతుంది. సెన్సర్ వైశాల్యం సంగతీ ఇంతే: 36×24 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమ్, 17.3×13 మిల్లీమీటర్ల మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న రకం సెన్సర్ కంటే దాదాపు నాలుగు రెట్లు పెద్దది. మసక వెలుతురులో మంచి ఫొటోల కోసం కొత్త తరం సెన్సర్ వచ్చేదాకా ఆగేకన్నా, ఆ డబ్బును ఈరోజే లెన్స్ మీద పెట్టమని నేను గట్టిగా చెబుతాను.

అయితే సెన్సర్లు నిజంగానే ముందుకు సాగుతున్న దిశ ఇంకొకటి ఉంది: ఎలక్ట్రాన్ల లెక్కను బయటికి చదివే వేగం. మామూలు సెన్సర్ వరుసల్ని పైనుంచి కిందికి ఒక్కొక్కటిగా చదువుతుంది. అలా చదవడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుందనుకుందాం. మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ది కాబట్టి పాత రకం ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. సైలెంట్ షట్టర్ (తెర కదలకుండా సెన్సరే ఫొటో తీసే పద్ధతి) పెట్టి, సెకనులో వెయ్యో వంతు వేగంతో ఫొటో తీస్తే చదివే వ్యవధిలో అయిదు మిణుకులు పడి, ఫొటోలో అయిదు అడ్డపట్టీలు కనిపిస్తాయి. పెళ్లి మండపంలో కొన్ని ఎల్‌ఈడీ లైట్ల కింద వధువు చీర మీద వచ్చే చారలు కూడా ఇలాంటివే. పిక్సెళ్ల పొర కింద మెమరీని పేర్చిన స్టాక్డ్ సెన్సర్లు ఈ వ్యవధిని బాగా తగ్గించాయి. 2017లో సోనీ ఏ9 ఫుల్ ఫ్రేమ్‌లో దీన్ని మొదటిసారి తెచ్చింది. 2021లో నికాన్ జెడ్9 కదిలే తెరను, అంటే మెకానికల్ షట్టర్‌నే తీసేసింది. 2023లో ప్రకటించిన సోనీ ఏ9 3లో గ్లోబల్ షట్టర్ పద్ధతిలో అన్ని పిక్సెళ్లూ ఒకే క్షణాన్ని నమోదు చేస్తాయి. అందుకు మూల్యమూ ఉంది: దాని సాధారణ ఐఎస్ఓ శ్రేణి (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 250 నుంచే మొదలవుతుంది. ఆటలు, పక్షులు, పెళ్లిళ్లు తీసేవారు ఈ తరం కోసం ఆగినా అర్థముంది. తిరుమల కొండ మీద సూర్యోదయాన్ని ట్రైపాడ్ పెట్టి తీసేవారికి ఆ అవసరం లేదు.

ఇక మోడల్ పేరు మారినప్పుడల్లా సెన్సర్ మారదన్న సంగతి కొనేవారు తప్పక గమనించాలి. 2018 నాటి నికాన్ జెడ్6లోనూ, 2020 నాటి జెడ్6 2లోనూ ఉన్నది 24.5 మెగాపిక్సెళ్ల సెన్సరే. రెండోదానిలో అదనపు ప్రాసెసర్, రెండో కార్డు స్లాటు చేరాయి. ఇలాంటి కొత్త మోడల్ విడుదలయ్యాక, పాతదాని నిల్వలు దుకాణాల్లో ఇంకా మిగిలి ఉన్న కొద్ది నెలలే కొనడానికి అన్నిటికన్నా మంచి అదను. ఆ నిల్వలు ఎంతకాలం ఉంటాయో మాత్రం క్యాలెండరు చూసి చెప్పలేం. 2016 ఏప్రిల్‌లో జపాన్‌లోని కుమమోటోలో భూకంపాలు వచ్చి సోనీ సెన్సర్ ఫ్యాక్టరీ ఆగిపోయినప్పుడు, అక్కడి నుంచి సెన్సర్లు తెచ్చుకునే ఇతర కెమెరా కంపెనీల సరఫరా కూడా దెబ్బతిన్నది. ప్రకటించిన కొత్త కెమెరా వచ్చి తీరుతుందన్న హామీ కూడా లేదు: అదే ఏడాది ఫిబ్రవరిలో నికాన్ ప్రకటించిన మూడు డీఎల్ కెమెరాలు అనేక కారణాల వల్ల వాయిదా పడి, 2017 ఫిబ్రవరిలో ఒక్కటీ దుకాణానికి చేరకుండానే రద్దయ్యాయి.