యంగ్ మార్బుల్ జైంట్స్: అపోహలు – వాస్తవాలు

వేల్స్‌లోని కార్డిఫ్‌లో 1978లో పుట్టి, 1981కల్లా విడిపోయిన సంగీత బ్యాండ్ ఇది. గిటార్, ఆర్గాన్ స్టువర్ట్ మాక్సమ్‌వి, బాస్ ఆయన సోదరుడు ఫిలిప్‌ది, గొంతు ఆలిసన్ స్టాటన్‌ది. పూర్తి ఆల్బమ్ ఒక్కటే: 1980లో రఫ్ ట్రేడ్ అనే రికార్డు సంస్థ తెచ్చిన ‘కొలోసల్ యూత్’, 15 పాటలు.

అపోహ: డ్రమ్మర్ దొరక్క డ్రమ్ మెషీన్‌తో (తాళం తానే వాయించే యంత్రంతో) సరిపెట్టుకున్నారు.

వాస్తవం: పంక్ రాక్ సంగీతపు హోరు నడిచే రోజుల్లో వాళ్లు కావాలనే చప్పుడు తగ్గించుకున్నారు. మాక్సమ్‌ల బంధువు పీటర్ జాయిస్‌కు ఎలక్ట్రానిక్స్ తెలుసు. ఆయన తయారుచేసిన మెషీన్ తాళాన్ని ముందే క్యాసెట్ మీదికి ఎక్కించి, వేదిక మీద దాన్ని నడిపేవారు. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. మనిషైతే గాయని కోసం ఒక మాత్ర ఆగుతాడు, టేపు ఆగదు. అందుకే ఈ పద్ధతి ప్రయత్నించేవారు ప్రతి పాట ముందు 4 క్లిక్‌లు పెట్టుకోవాలి, తాళం వినిపించే స్పీకర్‌ను ముగ్గురికీ దగ్గరగా ఉంచుకోవాలి.

అపోహ: ఇంట్లో పడగ్గదిలో రికార్డు చేశారు.

వాస్తవం: వేల్స్ పల్లెసీమలోని ఫోయెల్ అనే అసలు సిసలు స్టూడియోలో చేశారు. పాటలు అప్పటికే చేతికి వచ్చేసి ఉండటంతో కొద్ది రోజుల్లోనే పని పూర్తయింది.

అపోహ: ఇంత తక్కువ స్వరాలేగా, ఎవరైనా వాయించగలరు.

వాస్తవం: వాయించి చూడండి! స్టువర్ట్ గిటార్ శబ్దం ఎక్కువగా తీగను నొక్కిపెట్టి తీసింది. కుడి అరచేతి అంచును బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర తీగల మీద ఆనించాలి. చేయి కాస్త ముందుకు జరిగితే స్వరం చచ్చి ‘టక్’మంటుంది, వెనక్కి జరిగితే తీగ మోగుతూ పక్క స్వరాన్ని కప్పేస్తుంది. నిమిషానికి 120 దెబ్బల తాళంలో అర దెబ్బకు దొరికేది 250 మిల్లీసెకన్లే. స్వరం ఆ లోపే ఆగాలి. ఆగితేనే బాస్‌కు చోటు దొరుకుతుంది. ఫిలిప్ బాస్ చాలా చోట్ల పై స్వరాల్లో, దాదాపు లీడ్ గిటార్‌లా రాగం పలుకుతుంది. గిటార్ అక్కడికే వెళితే రెండూ మసకబారతాయి. డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించడం), దట్టమైన రివర్బ్ (ప్రతిధ్వని) వాడితే చిన్న తప్పులు దాగుతాయి. ఇక్కడ అవేవీ లేవు కనుక ప్రతి తప్పూ వినబడుతుంది. ఆలిసన్ గొంతూ అంతే: కంపనం లేకుండా, పక్కన కూర్చుని మాట్లాడినంత మామూలుగా పాడటం గట్టిగా పాడటం కన్నా కష్టం, ఊపిరి కాస్త తగ్గినా శ్రుతి కిందికి జారుతుంది.

అపోహ: ఎవరూ వినలేదు కాబట్టి విడిపోయారు.

వాస్తవం: జాన్ పీల్ నడిపిన బీబీసీ రేడియో కార్యక్రమానికి 1980లోనే రికార్డు చేశారు. విడిపోవడానికి కారణం లోపలి పొరపొచ్చాలు. తర్వాత స్టువర్ట్ ‘ద జిస్ట్’, ఆలిసన్ ‘వీకెండ్’ అనే బ్యాండ్‌లు నడిపారు. నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబేన్ తన 50 ఇష్టమైన ఆల్బమ్‌ల జాబితాలో ‘కొలోసల్ యూత్’ను చేర్చాడు. అందులోని ‘క్రెడిట్ ఇన్ ద స్ట్రెయిట్ వరల్డ్’ను అమెరికా రాక్ బ్యాండ్ హోల్ 1994లో తన ఆల్బమ్‌లో మళ్లీ పాడింది. రెండూ పక్కపక్కన వినండి, హోల్ గిటార్లతో నింపిన చోటల్లా మాక్సమ్ సోదరులు ఏం వదిలిపెట్టారో తెలుస్తుంది.