‘ఓ సుసానా’లో నేర్పని చరణం

మా పాప బడి వార్షికోత్సవానికి ‘ఓ సుసానా’ ప్రాక్టీసు చేస్తోంది. అమెరికా జానపదమని టీచరమ్మ చెప్పిందట. జనం నోళ్ళలో నలిగి అలా అయిందిగానీ, అది స్టీఫెన్ ఫోస్టర్ రాసిన పాట. 1848లో అచ్చయింది. పిల్లలకు నేర్పని చరణం ఒకటుంది. టెలిగ్రాఫ్ కరెంటుకు అయిదొందల మంది నల్లవాళ్ళు చచ్చారని, అదీ వాళ్ళను తిట్టే మాటతోనే, తమాషాగా చెబుతుంది.

ఈ పాటలు మిన్‌స్ట్రెల్ ఆటల్లో పాడుకున్నవి. తెల్ల నటులు కాల్చిన బిరడా మసి ముఖానికి పూసుకుని, నల్లవాళ్ళ మాటను, నడకను వెక్కిరించేవారు. జనం టికెట్ కొని మరీ చూసేవారు. ‘ఆ రోజుల్లో అది ఎవరికీ తప్పనిపించలేదు’ అంటుంటారు. తప్పనిపించింది. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ అదే 1848లో, తమ రంగును దొంగిలించి డబ్బు చేసుకుంటున్నారని ఆ నటులను తన పత్రికలో దుమ్మెత్తిపోశాడు. పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

ఫోస్టర్‌దే ఇంకో పాట, 1853 నాటి ‘మై ఓల్డ్ కెంటకీ హోమ్’, 1928లో కెంటకీ రాష్ట్ర గీతమైంది. 1986లో జపాన్ నుంచి వచ్చిన విద్యార్థులు అక్కడి శాసనసభలో దాన్ని మర్యాదగా, ఉన్నదున్నట్టు పాడారు, నల్లవాళ్ళను చులకన చేసే మాటతో సహా. పాపం, వాళ్ళకేం తెలుసు! కానీ వింటున్న సభలో కార్ల్ హైన్స్ అనే నల్లజాతి సభ్యుడున్నాడు. ఆయన తీర్మానం పెట్టాక ఆ మాట పోయి ‘జనం’ వచ్చింది. చిక్కేమిటంటే, అది ఇల్లు వదిలిపోతున్న బానిస దుఃఖం చెప్పే పాట. బానిసల మీద జాలి పుట్టిస్తుందని 1855లో డగ్లసే మెచ్చుకున్నాడు.

వర్జీనియా రాష్ట్ర గీతాన్నయితే రాసిందే నల్లజాతి కవి జేమ్స్ బ్లాండ్. అయినా అది బానిస రోజులను తీపిగా తలచుకునే పాటని, 1970లో ఆ రాష్ట్ర సెనేట్‌లో అడుగుపెట్టిన నల్లజాతి నాయకుడు డగ్లస్ వైల్డర్ దానికి అభ్యంతరం చెప్పాడు. పక్కన పెట్టేసరికి 1997 వచ్చింది.

మసి అంటే మన తిరుపతి గంగజాతర గుర్తొస్తుంది. తోటి వేషం రోజు ఒంటికి బొగ్గు పూసుకుంటారు. అది మొక్కు, పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు వేసిన వేషమని నమ్మకం. వెక్కిరింతతో దాన్ని ఒకే గాటన కట్టలేం. అయినా తోటి అంటే ఊరి చాకిరీ చేసినవాళ్ళకున్న పేరు. ఆ ఇళ్ళవాళ్ళకు ఆ వేషం ఎలా కనిపిస్తుందో నేనెప్పుడూ అడగలేదు.

దళితులను, గిరిజనులను నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే నేరమని 1989లో చట్టం వచ్చింది. మా అవ్వకు ఆ చట్టం సంగతి తెలియదు. వడ్లు దంచే పాట ఒకటి పాడేది, అందులో ఒక కులం పేరు వస్తుంది. ఆ కులానికే చెందిన, మా ఇంటికి పనికి వచ్చే అక్క పెరట్లో ఉంటే అక్కడ మాట మింగేసి రాగం తీసేది. లేకపోతే పూర్తిగా పాడేది.