లైనక్స్‌లో పాటలు బాగా వినాలంటే: అపోహలు, వాస్తవాలు

విజయవాడ, గుంటూరుల్లో ఇళ్లకెళ్లి పాత పీసీలకి విండోస్ బదులు లైనక్స్ ఎక్కించి, డాక్ (డిజిటల్ పాటని ఆంప్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె), ఆంప్ (యాంప్లిఫయర్), స్పీకర్లు తగిలించి పాటలు వినడానికి సెట్ చేసిపెట్టడం నా పని. ఎక్కడికెళ్లినా ఇవే మాటలు వినపడుతుంటాయి కాబట్టి ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: లైనక్స్‌లో సౌండ్ బాగోదు, డ్రైవర్లు దొరకవు.

యూఎస్‌బీ డాక్ విషయంలో అసలు సంగతి దీనికి రివర్స్ అండీ. యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 (వేరే డ్రైవర్ లేకుండా యూఎస్‌బీలో ఎక్కువ రేట్ల సౌండ్ పంపే పద్ధతి) సపోర్ట్ విండోస్‌లోకి 2017లో విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చింది, లైనక్స్ కెర్నల్‌లో (సిస్టమ్ మూలభాగం) అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే ఉంది. చాలావాటికి కేబుల్ గుచ్చితే చాలు, కెర్నల్‌లోని సౌండ్ భాగం ఆల్సా గుర్తుపట్టేస్తుంది.

అపోహ: నేను 192 కిలోహెర్ట్జ్ (సెకనుకి 192 వేల శాంపిల్స్) ఫైల్ ప్లే చేస్తున్నా కదా, డాక్‌కి 192 వెళ్తోంది.

ఇది మాత్రం కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఇప్పుడు చాలా డిస్ట్రోల్లో (లైనక్స్ రకాల్లో) సౌండ్ అంతా పైప్‌వైర్ అనే ప్రోగ్రాం మీదుగా పోతుంది, అది మామూలుగా 48000 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మీరు సీడీ నుంచి తీసిన 44100 ఫైల్ పెట్టినా 192 పెట్టినా అన్నిటినీ 48000కి మార్చేసి పంపిస్తుంది. ప్లేయర్‌లో కనపడే నంబర్ ఫైల్‌ది, డాక్‌కి చేరేది కాదు. నిజం తెలియాలంటే పాట మోగుతుండగా ప్రాక్ ఫోల్డర్‌లో ఆసౌండ్ లోపల మీ కార్డు ఫోల్డర్‌కెళ్లి, అక్కడ పీసీఎం కింద సబ్ జీరోలో హెచ్‌డబ్ల్యూ పారామ్స్ అనే ఫైల్ తెరవండి. రేట్ అన్న లైన్‌లో ఎంతుంటే అంతే వెళ్తున్నట్టు, అది కెర్నల్ చెప్పే లెక్క.

మార్చాలంటే పైప్‌వైర్ కాన్ఫిగ్‌లో అలౌడ్ రేట్స్ అనే చోట మీ డాక్ తీసుకునే రేట్లన్నీ రాసి రీస్టార్ట్ చేయండి. ఒక మెలిక ఉంది: వేరే ఏదన్నా సౌండ్ నడుస్తుంటే రేట్ మారదు, వెనకాల బ్రౌజర్‌లో వీడియో ఉంటే ముందు అది ఆపండి. అస్సలు ఏదీ మధ్యలోకి రాకూడదంటే ఎంపీడీ అనే ప్లేయర్ పెట్టి నేరుగా ఆల్సా హార్డ్‌వేర్ డివైస్‌కి పంపచ్చు, కాకపోతే ఆ టైంలో వేరే యాప్‌కి ఆ డాక్ దొరకదు. పైప్‌వైర్ రీశాంప్లింగ్ (ఇలా రేట్ మార్చడం) నాణ్యంగానే ఉంటుంది, చాలామందికి చెవికి తేడా తెలీదు, కాబట్టి దీనికోసం నిద్ర మానుకోకండి.

అపోహ: ఫైల్ సైజు పెద్దదైతే పాట బాగుంటుంది.

బ్రాడీపేటలో ఒక మాస్టారు హార్డ్ డిస్క్ నిండా పాత పాటలు ఫ్లాక్‌లో (సౌండ్ ఏమీ పోకుండా, అంటే లాస్‌లెస్‌గా దాచే ఫార్మాట్) దాచుకున్నారు, “అన్నీ లాస్‌లెస్సే బాబూ, అయినా పీచుపీచుగా ఉంటున్నాయేంటి” అన్నారు. పాటలో ఏ ఫ్రీక్వెన్సీ దాకా సౌండ్ ఉందో బొమ్మలా చూపించే స్పెక్ అనే చిన్న ప్రోగ్రాంలో ఒక పాట తెరిచి చూపించా. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది, పైనంతా నలుపు. ఎవరో 128 కేబీపీఎస్ ఎంపీత్రీని (సైజు తగ్గించడానికి కొంత సౌండ్ తీసేసిన ఫైల్) తీసుకొచ్చి ఫ్లాక్‌గా మార్చారన్నమాట. పాత రికార్డు నుంచో టేపు నుంచో సరిగ్గా తీసినదైతే పైన పాట లేకపోయినా సన్నటి హిస్ కనపడుతూ మెల్లగా తగ్గుతుంది, అంత నిట్టనిలువుగా తెగదు. పోయిన సౌండ్ ఏ ఫార్మాట్‌లోకి మార్చినా తిరిగి రాదు. మంచి కాపీ అయితే సీడీ క్వాలిటీ 16 బిట్, 44.1 చాలు. అది 22 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది, మన చెవి 20 దాటి వినదు, వయసు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. 16 బిట్‌లో 96 డెసిబెల్స్ రేంజ్ ఉంది, మే నెలలో బెజవాడలో ఫ్యాన్, కూలర్ ఆపి పాట వినేవాళ్లు ఎవరండీ, ఆ చప్పుడుకే అందులో సగం మునిగిపోతుంది. పెద్ద ఫైళ్ల కోసం పెట్టే డబ్బులు స్పీకర్ల మీద పెట్టండి, వాటిని గోడకి ఆనించకుండా కాస్త ముందుకి జరపండి, తేడా వెంటనే తెలుస్తుంది.

రియల్ టైం కెర్నల్ (ఆలస్యం తగ్గించే రకం కెర్నల్) వేస్తే పాట బాగుంటుందనేది కూడా తప్పే. అది రికార్డింగ్ చేసేవాళ్లకి, లైవ్‌లో వాయించేవాళ్లకి. వినడానికి బఫర్ (ముందుగా నింపి ఉంచుకునే సౌండ్) పెద్దదిగా ఉంటేనే మంచిది, 48000 దగ్గర 1024 శాంపిల్స్ అంటే దాదాపు 21 మిల్లీసెకన్లు, దాన్ని తగ్గించుకుంటూ పోతే టకటకమని తెగుతుంది.

అపోహ: గుయ్యిమంటోందంటే డాక్ పాడైనట్టు.

ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. శబ్దం పోయిందంటే కరెంటు వైపు సమస్య, ఎర్త్ చూపించుకోండి. కరెంటు పోయినప్పుడు మాత్రమే వస్తుంటే మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దేమో చూడండి. గుయ్యి పోతుందని ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను మాత్రం తీసేయకండి, షాక్ కొడుతుంది. పాట మొదలయ్యేటప్పుడు టప్పుమంటే అది వేరే సంగతి, మదర్‌బోర్డు సౌండ్ కార్డు పవర్ సేవింగ్‌లోకి వెళ్లి లేస్తోంది, ఆ డ్రైవర్ పవర్ సేవ్ విలువ సున్నా చేస్తే మామూలుగా ఆగిపోతుంది.

ఇక బ్లూటూత్. మీటింగ్‌లోకి వెళ్లగానే హెడ్‌సెట్‌లో పాట డొక్కుగా, మోనోలా మారిపోతే లైనక్స్‌ని తిట్టకండి, హెడ్‌సెట్ మైక్ ఆన్ అయితే బ్లూటూత్ కాల్ ప్రొఫైల్‌కి మారుతుంది, మిగతా సిస్టమ్‌లలోనూ మామూలుగా ఇంతే. పావుకంట్రోల్ అనే సౌండ్ సెట్టింగ్స్ ప్రోగ్రాంలో ప్రొఫైల్‌ని మళ్లీ ఏ2డీపీకి (పాటలు వినే ప్రొఫైల్) మార్చి, మాట్లాడటానికి ల్యాప్‌టాప్ మైకే పెట్టుకోండి.